గ్రూపు ఫోటోలో లేనివాళ్ళు

(చీపురుపల్లి దగ్గర మా హైస్కూల్లో, సంక్రాంతి సెలవుల్లో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో 1979–80 పదో తరగతి బ్యాచ్‌కి చెందిన ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ, నా ఎత్తు చూశావు కదా. ఆఁ, చాలు.

వేదిక మీద ఉన్న పెద్దలకీ, మన మేస్టార్లలో ఇవాళ రాగలిగిన ఇద్దరికీ పాదాభివందనం. ఇద్దరే వచ్చారు. మిగతావాళ్ళు ఎందుకు రాలేదో మీకు తెలుసు, ఇందాకే వాళ్ళ కోసం నిలబడ్డాం కూడా.

పొద్దుట్నుంచి చాలామంది మాట్లాడారు. అందరిదీ ఒకటే మాట. ఆ రోజులే వేరు, అవి బంగారు రోజులు. బాగుంది. ఎవరికి బంగారం? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. నేను జీవితమంతా బళ్ళోనే గడిపినదాన్ని. నాకో రోగం ఉంది. నలుగురు కూర్చుని కనిపిస్తే వచ్చినవాళ్ళని చూడను, రానివాళ్ళు ఎవరా అని వెతుక్కుంటాను. టీచర్లు చాలామందికి ఉంటుంది ఈ రోగం. ఇక్కడ ఉన్న టీచర్లు చెప్పండి, ఉందా లేదా? ఉంది కదా.

ఆ ఫ్లెక్సీ చూడండి. మన గ్రూపు ఫోటోని పెద్దది చేయించారు. ఎవరు చేయించారో గానీ బాగా వచ్చింది. మధ్యలో హెడ్‌మాస్టారు, కండువా ఇస్త్రీతో సహా కనబడుతోంది. పక్కన డ్రిల్లు మేస్టారు, ఆ ప్యాంటు కిందివైపు ఎంత వెడల్పో చూడండి, అప్పటి ఫ్యాషను. పై వరసలో కుడి చివర ఒకడి ముఖం చెదిరిపోయింది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల పెట్టి కదలకండి, కదలకండి అంటుంటే సరిగ్గా అప్పుడే తుమ్మాడు. ఇవాళ వచ్చాడు, అదిగో రెండో వరసలో కూర్చున్నాడు. చెయ్యి ఎత్తక్కర్లేదులే, అందరికీ తెలుసు.

ఇప్పుడు ఒక మాట. ఈ సమావేశానికి పిలుపులు ఎలా వెళ్ళాయి? ఈ ఫోటో చూసి పేర్లు రాసుకున్నారు. వాట్సాప్ గ్రూపు ఎలా కట్టారు? ఈ ఫోటో చూసే. మరి ఈ ఫోటోలో ఎవరున్నారు? పదో తరగతి దాకా వచ్చినవాళ్ళు, అందులోనూ ఫోటోకి డబ్బులు ఇవ్వగలిగినవాళ్ళు. గుర్తుందా, ఫోటో రోజు కొందరు రాలేదు. జ్వరం అన్నారు, చుట్టాలు వచ్చారన్నారు. పరీక్షలకి మాత్రం అందరూ వచ్చారు. ఆ జ్వరం ఏం జ్వరమో అప్పుడు మనకి తెలీదు.

కమిటీవాళ్ళని తప్పు పట్టడం లేదు. పాపం చాలా కష్టపడ్డారు. నేను చెప్పేది వేరు.

నెల కిందట ఇప్పటి హెడ్‌మాస్టారు గారిని అడిగి అడ్మిషన్ రిజిస్టరు తెరిచాను. హాజరుపట్టీలు కొన్నేళ్ళకి తీసేస్తారు. అడ్మిషన్ రిజిస్టరు తియ్యరు, బడి ఉన్నన్నాళ్ళూ అది ఉండాలి. అట్ట మీద శ్రీకాకుళం జిల్లా అని ఉంది. దాని మీద గీత కొట్టి ఎవరో విజయనగరం జిల్లా అని రాశారు. ఇక్కడ కూర్చున్న పిల్లలకి తెలియాలి, మేం ఆరో తరగతిలో చేరినప్పుడు శ్రీకాకుళం జిల్లావాళ్ళం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టింది. శ్రీకాకుళం జిల్లా నుంచి చీపురుపల్లి, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం తాలూకాలు, విశాఖ జిల్లా నుంచి విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట ఇందులో కలిశాయి. వేసవి సెలవులకి శ్రీకాకుళం జిల్లా బడి నుంచి ఇళ్ళకి వెళ్ళి, విజయనగరం జిల్లా బడికి తిరిగొచ్చాం. బడి కదల్లేదు, మనమూ కదల్లేదు. పాత లెటర్‌హెడ్లు పారెయ్యడం ఎందుకని, ఆఫీసులో స్కేలు పెట్టి ఒక్కొక్క కాగితం మీదా జిల్లా పేరు కొట్టేస్తూ కూర్చునేవారు. ఆ పని మన చేత కూడా చేయించారు, గుర్తుందా? మొదటి పీరియడు లెక్కలు, మేస్టారు విజయనగరం నుంచి రావాలి, పాసింజరు లేటు. ఇంకేం, కొట్టండి గీతలు.

సరే, రిజిస్టరు. ఎడమ పేజీలో నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, పుట్టిన తేదీ, మశూచి టీకా వేశారా, పుట్టుమచ్చలు ఎక్కడ. పుట్టిన తేదీలు చూస్తే నవ్వొచ్చింది. మనలో సగంమంది జూలై 1న పుట్టాం! మన అమ్మలంతా కూడబలుక్కుని ఒకే రోజు కన్నారు పాపం. కుడి పేజీలో వెళ్ళిన తేదీ, వెళ్ళేనాటి తరగతి, టీసీ నంబరు, చివర్న రిమార్కులు. ఆ రిమార్కుల గడిలో ఎర్రసిరాతో ఒక మాట ఉంది. లాంగ్ ఆబ్సెంట్. దాని కిందివాడికీ అదే. ఆ కిందివాడికి రాసే ఓపిక లేక డిట్టో పెట్టారు. ఆ కింద డిట్టో, ఆ కింద డిట్టో. పేజీ తిప్పితే మళ్ళీ మొదలు. మనతో ఆరో తరగతిలో చేరినవాళ్ళలో పదిదాకా వచ్చినవాళ్ళు సగం లేరు. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది సగం బడి కూడా కాదు.

వీళ్ళంతా ఎటు పోయారు? మీకు తెలీదా? తెలుసు. మనం చూస్తుండగానే పోయారు. వానాకాలం వరి ఉడుపులకి వారం పది రోజులు రాని పిల్లలు ఉండేవారు. దసరా తరవాత గోగు కోసి చెరువులో ఊరేసేవారు. నార తీసే రోజుల్లో సగం క్లాసు ఖాళీ. తిరిగొచ్చినా వాళ్ళ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ కంపు ఎంత కడిగినా చేతులకి పోదు. గోగునార తీసినవాళ్ళకి తెలుస్తుంది ఆ వాసన, అవునా కాదా? అదిగో, వెనకాల తల ఊపుతున్నారు. ఆ వాసనకి మేం ముక్కు మూసుకునేవాళ్ళం. వాడు వెళ్ళి కిటికీ దగ్గర ఒక్కడే కూర్చునేవాడు. కొన్నాళ్ళకి ఆ కిటికీ దగ్గరకీ రాలేదు. కొందరు మాంగనీసు గనుల్లో రాళ్ళు ఏరడానికి పోయారు, కొందరు నెల్లిమర్ల జూటు మిల్లులో మావయ్యో బాబాయో ఉంటే అటు పోయారు, కొందరు ఖరగ్‌పూర్ బండెక్కేశారు. ఇంటి దగ్గర ఏమైందని ఎవరూ అడగలేదు. ఎర్రసిరా సీసా మాత్రం సిద్ధంగా ఉండేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇందాక ఒకాయన, మేస్టార్లు బెత్తంతో కొట్టబట్టే మనం ఇలా బాగుపడ్డాం అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు మీరు. దెబ్బలు తిని బాగుపడినవాళ్ళు స్టేజీ ఎక్కి చెప్పగలరు, సరే. దెబ్బలు తిని బడి మానేసినవాళ్ళు ఎక్కడెక్కి చెప్తారు? వాళ్ళని మనం పిలవనే లేదాయె. గోడకుర్చీ వేయించుకున్న మర్నాటి నుంచీ మళ్ళీ కనపడని పిల్లలు నాకు తెలుసు, మీకూ తెలుసు. మేస్టార్లని నిందించడం లేదు. కాలం అది. కానీ దాన్ని మాత్రం బంగారం అనకండి.

మంచి మాటలు లేవా అంటారా? ఉన్నాయి. బోలెడు ఉన్నాయి. మన సైన్సు మేస్టారి గురించి ఒక్కరూ చెప్పలేదేమిటని పొద్దుట్నుంచి చూస్తున్నాను.

స్కైలాబ్ సంగతి. 1979 జూలై, మనం పదిలోకి వచ్చి నెల కాలేదు. అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్, 77 టన్నులది, ఆకాశం నుంచి పడిపోతోంది, ఎక్కడ పడుతుందో తెలీదు. ఊళ్ళన్నీ గగ్గోలు. ఎలాగూ పోతాం కదా అని కోళ్ళు కోసుకున్నారు, మేకలు కోసుకున్నారు. అప్పు చేసి మరీ తిన్నవాళ్ళున్నారు, తీర్చేది ఎవరు అని ధీమా. క్లాసులో ఆడపిల్లలం ఏడుస్తున్నాం. మగపిల్లలు ఏడవనట్టు నటిస్తున్నారు. మేస్టారు వచ్చి ఏమీ అనలేదు. వెళ్ళి సోషల్ గది నుంచి ప్రపంచపటం తెచ్చి గోడకి తగిలించారు. భుజం మీది తువ్వాలు తీసి ఒక్కొక్కరి కళ్ళకి గంతలు కట్టి, గుండ్రంగా తిప్పి, సుద్దముక్క ఇచ్చి విసరమన్నారు. నీలం మీద పడితే బోర్డుకి ఎడమవైపు ఒక గీత, నేల మీద పడితే కుడివైపు ఒక గీత. క్లాసంతా విసిరింది. ఎడమవైపు గీతలు పెరిగిపోతున్నాయి. కుడివైపు నాలుగో అయిదో, అందులో ఒకటి గ్రీన్‌లాండ్ మీద. అక్కడ కోళ్ళు కూడా లేవురా కోసుకోడానికి, అన్నారు మేస్టారు. అప్పుడు నవ్వాం, మొదటిసారి.

నా పక్కన కూర్చునే అమ్మాయి ఉండేది. తన వంతు వచ్చింది. గంతలు కట్టబోతే ఆగమని, పటం దగ్గరకి వెళ్ళి ముక్కు ఆనించి వెతికింది. మేస్టారూ, ఇందులో మన ఊరెక్కడ అంది. ఇంత పటంలో మన ఊరు ఉండదమ్మా అన్నారు. పటంలో లేని ఊరి మీద ఎలా పడుతుందండీ అంది. ఆయన ఎంత నవ్వారో. ఏదీ, ఇప్పుడు గుర్తొచ్చిందా ఎవరికైనా? జూలై 11 రాత్రి అది హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ పడింది. మర్నాడు మగపిల్లల్లో చాలామంది బడికి రాలేదు. భయం వల్ల కాదు, తిన్నది అరక్క.

మళ్ళీ ఫిబ్రవరిలో గ్రహణం. 1980 ఫిబ్రవరి 16, శనివారం, మాఘ అమావాస్య. సంపూర్ణ గ్రహణం ఆంధ్రదేశం మీదుగా పోతోంది, మన వైపు సూర్యుడు దాదాపు పూర్తిగా మూసుకుపోతాడు అన్నారు. ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. మేస్టారు మాత్రం బడికి రండి, నేరుగా చూడనివ్వను, నేను చూపించే పద్ధతిలో చూద్దురు గాని అన్నారు. ఎంతమంది వచ్చాం? గుప్పెడు మందిమి. మా అమ్మకి చెప్పకుండా వచ్చాను నేను. అట్టముక్కకి సూదితో చిల్లు పెట్టి వరండా గోడ మీద సూర్యుణ్ణి పడేశారు. శనగగింజంత సూర్యుడు, పక్కనుంచి కొరుక్కుతిన్నట్టు తగ్గిపోతున్నాడు. ఇంతలో ఎవరో అరిచారు, వేపచెట్టు కింద చూడండర్రా అని. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి! నేల మీద వందల నెలవంకలు. హెడ్‌మాస్టారు కూడా చూడ్డానికి వచ్చి అక్కడ నిలబడితే ఆయన తెల్లపంచె మీద కూడా నెలవంకలే. మూడు దాటాక వెలుగు పోయింది, కాకులు చెట్లకి చేరిపోయాయి. ఆ మేస్టారు లేకపోతే నేను సైన్సు టీచర్ని అయ్యేదాన్ని కాదు. అది బంగారం. ఒప్పుకుంటాను.

కానీ ఆ రోజు నా పక్కన ఆ అమ్మాయి లేదు. పటంలో మన ఊరు వెతికిన పిల్ల. డిసెంబర్లో పరీక్ష ఫీజు కట్టమన్నారు, నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా, పంపాలి. తను రావడం మానేసింది. మన క్లాస్ టీచరు సైకిలేసుకుని వాళ్ళింటికి వెళ్ళారు. ఫీజు నేను కడతానయ్యా, పిల్లని పంపించు అన్నారట. వాళ్ళ నాన్న, పది సదివి ఏటి సేస్తాది బాబూ, ఫీజు గురించి కాదు, సమందం కుదిరిపోనాది, మాఘంలో ముహూర్తం అన్నాడట. ఆడపిల్ల పెళ్ళి వయసు 18కి పెంచుతూ చట్టాన్ని 1978లోనే సవరించారు. అది మన సోషల్ పుస్తకంలోకే ఇంకా రాలేదు, ఇక ఊళ్ళోకి ఎక్కడొస్తుంది? గ్రహణం నాటికి తను కొత్త కోడలు. రిజిస్టర్లో తన వరస చూశాను. పుట్టుమచ్చ ఎడమ మోచేతి మీద. తండ్రి వృత్తి కూలీ. రిమార్కుల్లో లాంగ్ ఆబ్సెంట్.

విజయనగరం జిల్లాలో మైకు పట్టుకుని గురజాడ పేరెత్తకపోతే ఊరుకోరు కదా. ఎత్తుతాను. గురజాడ అప్పారావు గారి చిన్నప్పటి చదువు మన చీపురుపల్లిలోనే. తండ్రిగారు ఇక్కడ ఉద్యోగం చేసేవారు. ఆయన పోయాక పిల్లవాడు విజయనగరం చేరాడు. అక్కడ మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఉచితంగా భోజనం, వసతి ఏర్పాటు చేశారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది. ఇది మనందరికీ తెలిసిన కథే, ఏటా జయంతికి చెప్పుకుంటాం. నేనడిగేది ఒకటే. ఆ రెండు పూటలా అన్నం పెట్టే ఇల్లు దొరక్కపోతే? ఏ ఎర్రసిరా గడిలో ఉండేవారు ఆయన?

మన రోజుల్లో మధ్యాహ్నం ఏముండేది? పొద్దున్న చోడంబలి తాగి రెండు మూడు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. దగ్గరివాళ్ళం ఇంటికి పోయి తినొచ్చేవాళ్ళం. దూరం పిల్లలు బోరింగు దగ్గర నీళ్ళు తాగి చెట్టుకింద పడుకునేవారు. వాళ్ళకి మధ్యాహ్నం మొదటి పీరియడ్లో నిద్రొచ్చేది. ఆ నిద్రకి మళ్ళీ దెబ్బలు. మధ్యాహ్న భోజనం 2003లో చిన్న బళ్ళకి, 2008లో హైస్కూళ్ళకి వచ్చింది. గుడ్డు చిన్నదని, పప్పు నీళ్ళని మనం పేపర్లో చదివి విసుక్కుంటాం. విసుక్కోవాలి కూడా, బాగా పెట్టాలి. కానీ మధ్యాహ్నం గంట కొట్టాక ఇంటికి పోయి తిరిగిరాని పిల్లలు అంతకుముందు ఎంతమందో, తరవాత ఎంతమందో నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు అసలు మాట. మీరు పొద్దున్న తిన్న ఉప్మా, ఇప్పుడు మీ ముక్కులకి తగులుతున్న పనసపొట్టు కూర, ఎవరు వండారో తెలుసా? మన బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆమే. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే వండుతోంది. గౌరవ వేతనం నెలకి 3000, అదీ 2019లో పెంచాక. ఆ వంటగది ఎక్కడుంది? మన పదో తరగతి గది వెనక. ఆమె ఎవరు? నా పక్కన కూర్చున్న పిల్ల.

అలా తిరిగి చూడకండి, తనకి ఇబ్బంది. నేను తనని అడిగే చెప్తున్నాను. రాత్రి వెళ్ళి, రేపు మైకులో నీ సంగతి చెప్పనా అన్నాను. పేరు సెప్పకు, మిగతాది సెప్పుకో అంది. స్టేజీ మీదకి రావే అంటే, నానేటి, స్టేజీ ఎక్కేదేటి, పప్పు అడుగంటిపోతాది అంది. మనవరాలు ఇదే బళ్ళో తొమ్మిది చదువుతోందట. సైన్సు బాగా వస్తుందట. పెళ్ళి మాట ఎత్తితే ఊరుకోనని కొడుక్కి ఇప్పుడే చెప్పేసిందట. ఇన్నేళ్ళూ రోజూ ఈ గేటులోంచే వస్తోంది, పోతోంది. మనం ఏడాదికోసారి వచ్చి పూర్వ విద్యార్థులం అంటున్నాం. తనకి మాత్రం ఆహ్వానపత్రిక ఇవ్వలేదు, వంటకి అడ్వాన్సు ఇచ్చాం.

కమిటీవారూ, నేను అడిగేది చిన్న పని. వచ్చే ఏడాది పిలుపులు ఈ ఫోటో చూసి కాదు, అడ్మిషన్ రిజిస్టరు చూసి వెళ్ళాలి. ఆరులో చేరి ఏడులో పోయినా సరే, మూడు నెలలు చదివినా సరే, నంబరు పడిందంటే మనవాడే, మన మనిషే. ఖర్చవుతుందంటారు. అవుతుంది. ఈ ఏడాది శాలువాలకి ఎంతయిందో నేను చూశాను, అది మానేస్తే సరిపోతుంది. నాకు మాత్రం కప్పొద్దు, చెప్పేస్తున్నాను.

రానంటారు కొందరు. ఆ పెద్ద పెద్దోళ్ళ మధ్య మాకేం పని అంటారు. నేను ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాను, ఒకాయన తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. న్యాయమే. ఇన్నేళ్ళు తలవనివాళ్ళం ఒక కార్డు పంపితే పరుగెత్తుకొస్తారా? ఫోను చేస్తే సరిపోదు, ఇంటికి వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలి? వాళ్ళ ఊరివాళ్ళే వెళ్ళాలి. రెండుసార్లు రానంటే మూడోసారి కూడా వెళ్ళాలి.

అందుకని మన బ్యాచ్ వరకు పేర్లన్నీ ఊళ్ళవారీగా రాసి తెచ్చాను. పాత తొమ్మిదో తరగతి గదిలో బల్ల మీద ఉన్నాయి, ఊరికో కాగితం. భోజనానికి ముందు ఎవరి ఊరి కాగితం వాళ్ళు తీసుకోండి. మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే రాయండి, ఫోను దొరికితే రాయండి. పోయారని తెలిస్తే అదీ రాయండి, పిల్లల పేర్లు తెలిస్తే అవీ రాయండి. పెన్నులు నేనే తెచ్చాను, నీలం పెన్నులు. ఎర్రవి తేలేదు.

మైకు ఇచ్చెయ్యమని సైగ చేస్తున్నారు, తరవాత మాట్లాడేవాళ్ళు ఇంకా ఇద్దరున్నారట. కానివ్వండి. వడ్డనకి మాత్రం మగవాళ్ళు నలుగురు వంటగది దగ్గరకి వెళ్ళండి. ఆడవాళ్ళు వెళ్ళొద్దు, ఇవాళ కూర్చోండి. అన్నం గంగాళం బరువుగా ఉంది, పొద్దున్న నేను ఎత్తి చూశాను.